టేపు కొస

వానాకాలం పలాసలో అట్టపెట్టెకీ చెమ్మ పడుతుంది.
చవక టేపు రాత్రి అంటుకుని
అప్పులవాణ్ణి చూసినట్టు
తెల్లారేసరికి లేచి నిలబడుతుంది.

కాశీబుగ్గ కొట్టు నుంచి మూడు రకాలు తెచ్చాను.
మైక్రాన్లు చదివి వినిపించాను షావుకారుకి.
దాలమ్మ వినలేదు.
పైటచెంగుతో పెట్టె తుడిచింది.
"దుమ్ము మీదేస్తే దుమ్మునే అంటుకుంటాది,
పెట్టినేటి పట్టుకుంటాది బాబూ?"

మూడు ముక్కలు అంటించి, టీ తాగొచ్చి, ఒక్కోటీ లాగింది.
రెండు మెత్తగా వచ్చేశాయి.
మూడోది చర్రున అట్ట తోలు ఊడబీకింది.
"ఇదీ! ఊడినా ఒట్టిసేతుల్తో ఊడకూడదు."

ఇక కొస దొరకదు.
ఇరవయ్యేళ్ళ జీడిరసం
ఆమె వేళ్ళ గీతలు తినేసింది.
రేషను మిషను నెలనెలా
నువ్వెవరని అడుగుతూనే ఉంటుంది.

చుట్టను కింది పెదవికి ఆనించి
మెల్లగా తిప్పింది.
పెదవికి తగిలింది కొస.

లాగేటప్పుడు జిగురు మీద బొటనవేలు పడింది.
వెలుతురుకెత్తి చూశాను:
గీతల్లేని నున్నటి మచ్చ.
"ఏటి సూస్తావు, బేగి అంటించు,
లారీ ఎల్లిపోతాది."

అంటించాను.
పది కిలోల గుళ్ళు, సూరత్‌కి.
ఆ మచ్చ లోపలివైపుకే ఉంది.