గట్టు ఎత్తు

పునాది దాకా చీటీ డబ్బు.
లింటెల్ కాడ ఆగిపాయ, ఎండాకాలమంతా.
గోడలకు గోనెపట్టాలు తడిపేదానికి
ట్యాంకరోనితో రోజూ కొట్లాట ఖాసింబీకి.

తాడిపత్రి ఫ్యాక్టరీలో నేను
పన్నెండేండ్లు ఎవరెవరి ఇండ్లకో బండలు పాలిష్ పట్టినా.
మూల విరిగినవి, ఓనరు వద్దన్నవి
ఒక్కొక్కటే సైకిలు మీద తెచ్చి పెట్టినా.

కిటికీలకు రెక్కలు ఇంకా లేవు.
ఈపొద్దు మేస్త్రి అడిగినాడు:
"వంటగట్టు ఎంత ఎత్తు పెట్టాల?"
నేను టేపు వెతుకుతాంటే
ఆమె గోడకెదురుగా నిలబడి
గాల్లో జొన్నరొట్టె తట్టింది.
చేతుల కింద మేస్త్రి పెన్సిల్ గీత గీసినాడు.

బాడుగిండ్లలో వంగి వంగి వండిన మనిషి
ఆ గీతను రోంతసేపు చూసి,
"ఇంకో బెత్తెడు పైకి" అనింది.