మార్కరు చెప్పిన మాట

పందెం డాక్టరు గారికీ, క్వారీ కరుణాకరం గారికీ.
ఏ ఆట కష్టం, టెన్నిసా, గోల్ఫా?
సోడాల దగ్గర మొదలైంది
రొయ్యల వేపుడు దాకా పెరిగింది.
తీర్పరిని నేనంట.
ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒంగోలు క్లబ్బులో మార్కర్ని,
గీత మీద పడ్డ బంతిని గీత మీదే పడిందన్నవాణ్ణి.
పెద్ద పోలీసాఫీసరు బంతినైనా
అవుటైతే అవుటనే అన్నాను,
మర్నాడు సెలవు పెట్టుకున్నా సరే.

టెన్నిస్ సంగతి నా మోకాలు చెబుతుంది.
మే నెల, సాయంత్రం ఐదైనా
ఎర్రమట్టి కోర్టు అట్ల పెనమే.
అవతలివాడు నీ ఎడమవైపు బలహీనం కనిపెడతాడు,
కనిపెట్టాక వదలడు, అప్పులోడు ఇంటి సందు కనిపెట్టినట్టు.
డ్యూస్, మళ్ళీ డ్యూస్, మళ్ళీ డ్యూస్.
క్రాసింగ్ కోసం ఆపిన ప్యాసింజరు బండిలాగా
ఆట అక్కడే నిలబడి రొప్పుతుంది.
ఆలోచించేలోపు పాయింటు పోతుంది,
ఆలోచించకపోతే ఆటే పోతుంది.

గోల్ఫ్ చూట్టానికి చీమకుర్తి బస్సెక్కాను.
పేర్నమిట్ట దాటి, సంతనూతలపాడు దాటి,
దిగేసరికి మీసమంతా రాతిపొడి.
పాత క్వారీ గుంట పక్కన
పనికిరాని బండల మీద మట్టి పోయించి,
మద్రాసు నుంచి గడ్డి తెప్పించి,
మూడంటే మూడు గుంతలు తవ్వించారాయన.
గడ్డికి రోజుకి రెండు ట్యాంకర్లు.
గొట్టం పట్టుకుని చెంచమ్మ,
గట్టున ఆమె ఖాళీ బిందె.

కదలని బంతిని కొట్టటానికేముందబ్బా అనుకున్నా.
కర్ర నా చేతికిచ్చారు.
మొదటిసారి గాలిని కొట్టాను.
రెండోసారి మట్టి లేచింది, మద్రాసు గడ్డితో సహా.
బంతి మాత్రం
పీటల మీదికి రమ్మన్నా రాని పెళ్ళిమామలా
కూర్చున్నచోటే కూర్చుంది.
టెన్నిస్‌లో బంతి కోపంగా వస్తుంది,
ఆ కోపమే సగం పని చేసిపెడుతుంది.
ఇక్కడ కోపం కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలి,
తెచ్చుకుని చూపెట్టకూడదు.
సర్వీసు గుర్తొచ్చింది నాకు.
మా ఆటలో అదొక్కటే మనం ఎగరేసి మనమే కొట్టుకునేది.
ఎంతమంది మొనగాళ్ళు అక్కడే కూలబడ్డారో
డబుల్ ఫాల్టులు పలికిన నా గొంతుకి తెలుసు.

మూడో గుంత దగ్గర ఆయన బంతి
బండల సందులో ఇరుక్కుంది.
నల్లరాయి, లోపల వెండి చుక్కలు.
ఆయన అటూ ఇటూ చూడనైనా లేదు.
రాయల్టీల సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూనే
బూటు కొనతో బంతిని గడ్డి మీదికి జరిపారు.
చిన్న పుస్తకంలో నాలుగని రాసుకున్నారు.
నా లెక్కకి ఆరు.
నేను చూశానని ఆయనకి తెలుసు.
చెంచమ్మ గొట్టాన్ని పక్కకి తిప్పుకుంది.
ఆ పక్క గడ్డే లేదు.

గీతల్లేవక్కడ. సున్నం లేదు,
బంతి పడ్డ ముద్ర దాచిపెట్టే ఎర్రమట్టి లేదు,
ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్న నాలాంటోడు లేడు.
ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కపెట్టుకోవాలి.

రాత్రి క్లబ్బులో అందరూ నా నోటి వంక చూశారు.
"గోల్ఫే కష్టం సార్" అన్నాను.
కరుణాకరం గారు బల్ల చరిచారు, ఒక్కసారే.
డాక్టరు గారు రొయ్యలకి కబురుపెట్టారు.
ఎందుకు కష్టమో ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.
ఒక ప్లేటు నాకూ వచ్చింది,
కారం రవ్వంత ఎక్కువైంది, అయినా ఊడ్చి తిన్నాను.

పొద్దున కొళాయి సన్నగా వచ్చింది.
కోర్టు సగమే తడిసింది.
సున్నం కలిపి, తాడు కట్టకుండా
కంటి కొలతతో బేస్‌లైను గీశాను.
కొసన కాస్త వంకరపోయింది.
ఇంకా ఎవరూ రాలేదు.
చెరిపి మళ్ళీ గీశాను.