టికెట్టు కాగితం మీద లెక్క

డ్యూటీ దిగొచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే
మిషన్లో మిగిలిన కాగితం చుట్ట
చాప మీద పొడుగ్గా పరిచేడు.
బలగలో రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికుందట.
బ్యాంకు ఇరవై రెండు లక్షలిస్తుందట.
"ఇరవయ్యేళ్ళు. నెలకి పంతొమ్మిది వేల తొంభై"
అన్నాడు, ఆమదాలవలస చార్జీ చెప్పినంత తేలిగ్గా.

జాకెట్టు చంక కుడుతున్నాను.
దారం పళ్ళతో తెంపి
"మొత్తం ఎంతవుతాది?" అన్నాను.

నలభై ఐదు లక్షల ఎనభై రెండు వేలు.
ఇప్పటి అద్దె ఆరు వేలు,
ఏటేటా నూటికి ఐదు పెంచుకుంటూ పోతే
ఇరవయ్యేళ్ళకి ఇరవై మూడు లక్షల ఎనభై వేలు.
తేడా ఇరవై రెండు లక్షలు.
"చూసేవా, ఎక్కువ కట్టిందే ఇల్లన్నమాట"
అని కింద గీత గీసేడు, గెలిచినట్టు.

నేను చెప్పినవి గీత కింద రాయలేదు.
ఇంటిపన్ను, కుళాయి డిపాజిట్టు,
రిజిస్ట్రారాఫీసులో తడపాల్సిన చేతులు,
వానాకాలం చెమ్మ దిగే పడమటి గోడ.
తిత్లీ నాడు మేడమీది రేకు ఎగిరి
కరెంటు తీగకి వేలాడుతుంటే
మేం కింద గదిలో కొవ్వొత్తి చుట్టూ కూచుని
అరటిపళ్ళు తింటూ "మనది కాదులే" అనుకున్నాం.
ఆ మాటకి ధర కట్టమన్నాను.
కాగితం అయిపోయిందన్నాడు.

పోయిన మాఘంలో మేడమీది కూర్మారావు గారు పోయేరు.
నక్షత్రం మంచిది కాదు, ధనిష్ఠా పంచకం,
ఆరు నెలలు ఇంటికి తాళమెయ్యాలన్నాడు సిద్ధాంతి.
కింద వాటా అద్దె సంగతి అడిగితే
కాసేపు పంచాంగం తిరగేసి
నక్షత్రం మెట్లు దిగదని తేల్చేడు.

పంతొమ్మిదేళ్ళు వాయిదాలు కట్టిన మహలక్ష్మమ్మ గారు
వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది.
ఎంతమందుంటారు, మీరేటోళ్ళు, చుట్టాలొస్తారా
అని ఆ ఇంటావిడ అడిగిందట.
మమ్మల్ని ఆమె అడిగినవే.
ఐదో తారీకున మా దగ్గర ఆరు వేలు తీసుకుని
చీరకొంగున ముడైనా వెయ్యకుండా
సందు తిరిగి అక్కడ కట్టేసేది.

ఒక సాయంత్రం మా గుమ్మంలో కూచుని
పైన తన తాళం వైపు చూసింది.
"బేంకుకి తీర్సినాను గానమ్మా, నచ్చత్రానికి తీర్సలేదు."
వెళ్ళబోతూ మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి
"అయితే ఒకటే,
ఆ అద్దింట్లో నిద్దరట్టేస్తందే.
టేంకీ నిండితే నాకేటి, నిండకపోతే నాకేటి."

ఇదంతా ఆయనకి చెప్పేను.
నవ్వేడు గాని కాగితం చుట్టేయలేదు.

నాకు తెలుసు.
గుజరాతీపేట ఇంట్లో ఉన్నప్పుడు
పెద్దాసుపత్రి నుంచి అత్తని తెల్లగుడ్డలో తెస్తే
ఓనరు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.
చెడ్డవాడు కాదు, పండక్కి మాకు అరిసెలు పంపినవాడే.
"మా పాప పెళ్ళుంది" అన్నాడు, అంతే.
రాత్రంతా ఆమెని వీధిలో
మురుగు కాలవ పక్కన బల్ల మీద ఉంచేం.
షామియానా అద్దె ఎనిమిది వందలు.

పదిహేడేళ్ళలో ఏడిళ్ళకి కట్టిన అద్దెలు
ఆయన రూపాయలతో సహా చెప్పగలడు.
ఈ ఎనిమిది వందలు ఏ లెక్కలోనూ రాయడు.
మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఆదివారం బలగ ఇల్లు చూడ్డానికెళ్ళేం.
బ్రోకరు వంటగది గట్టు చూపిస్తున్నాడు,
బోరులో నీళ్ళు తియ్యగా ఉంటాయంటున్నాడు.
నేను సంచీలోంచి టేపు తీసి వసారాలో వంగేను.
జాకెట్లు కొలిచే టేపు, అరవై అంగుళాలే.
చివర బొటనవేలు నొక్కి పెట్టి
మళ్ళీ జరిపి కొలిచేను.
ఆరడుగుల నాలుగంగుళాలు.

ఎందుకు కొలుస్తున్నావని ఆయన అడగలేదు.
కాసేపు ఆ నేలవైపు చూసి
"సరిపోతాది" అన్నాడు.