ఒక రాయి తక్కువ

తాడిపత్రి బైపాసు కాటాలో
రాత్రి డ్యూటీ నాది.
నాపరాళ్ల లారీ ఎక్కుతుంది,
ఎర్ర అంకెలు కాసేపు వణికి నిలబడతాయి,
చీటీ చింపిస్తాను.

ఒక్క చీటీ మాత్రం ఎవరికీ ఇయ్యలేదు.
కరెంటు పోయిన రాత్రి, తూకమొద్దని డ్రైవరు పోతే
నా చేతిలోనే మిగిలిపోయింది దాని నంబరు:
పది కోట్ల ఒక లక్షా అరవై వేల అరవై మూడు.

అంకెలు కూడితే పదిహేడు. మూడుతో పోదు.
అయిదుతో భాగిస్తే మూడు మిగిలె.
ఏడుతో, మూడే.
పదకొండుతో మూడే, పదమూడుతోనూ మూడే.
ఎవరింట్లో తిన్నా
విస్తట్లో అవే మూడు మెతుకులు విడిచి లేచే చుట్టం.
పదిహేడు దగ్గర ఏడు మిగిలేసరికి
ఎందుకో సంతోషమైంది.

రెండు ఎండాకాలాలు.
చీటీ పుస్తకాల వెనకంతా భాగహారాలే.
నాలుగు వేలు దాటినాక ఆపేసినా.
ఇది ప్రధాన సంఖ్యే, ఎవరికీ లొంగదని
మడిచి జేబులో పెట్టుకున్నా,
నేనే అట్ల ఉన్నట్టు.

కాటా గది ముందర బండలు పరిచేదానికి
ఉరుకుందమ్మ వచ్చింది.
ఆరు వరసలు, వరసకు ఆరు.
కడాకు రాయి దించేటప్పుడు జారి రెండైంది.
"మూల బోసిగా ఉందే" అన్నా.
ఆమె తల ఎత్తలేదు.
చివరి వరసలో ఉన్న అయిదింటినీ గడ్డపారతో లేపి
పక్కన నిలువుగా పరిచింది.
అడ్డం ఏడు, నిలువు అయిదు. బోసి లేదు.
"ఒక పక్క పెరిగె, ఒక పక్క తగ్గె.
అంతే కదన్నా."

చీటీ తీసినా.
ఒకటి కలిపినా.
అరవై మూడు అరవై నాలుగైంది.
వర్గమూలం కడితే పదివేల ఎనిమిది,
శేషం సున్న.

అంత పెద్ద నేల, మూలన ఒక్క రాయి లేదు.
వరస తిప్పినా:
పదివేల ఏడు, పదివేల తొమ్మిది.
తెల్లారేదాకా రెండిట్నీ గుద్ది చూసినా,
పగల్లేదు.
నేను ఆగిపోయిన చోటు నుంచి
ఇంకో ఆరు వేలు నడిచుంటే తగిలేవి.

ఉరుకుందమ్మతో చెప్తే
"అంత నేలకు కూలి ఎవరిస్తారన్నా" అని
సిమెంటు చేతులు కడుక్కునె.

పగిలిన ముప్పై ఆరో రాయిని
తలుపుకు అడ్డం పెట్టినాం,
పెన్న వైపు గాలికి కొట్టుకోకుండా.