ఆమె వాటా

గరుకు కాగితం మీద యాభై కలుపు గింజలు
లెక్కపెట్టి అంటించింది ఇంగెలీస్,
జట్లాండ్ బార్లీ చేలో, వాన వెలిసిన సాయంత్రం.
చేను నడుమ దున్నకుండా వదిలిన గడ్డిగట్టు చూసి
పక్కచేను టోర్కిల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు:
"పురుగులకి ఇల్లు కట్టించావటగా!"

చీకటి పడ్డాక
గట్టు దిగి వస్తాయవి,
నల్లగా, నూనె రాసుకున్నట్టు మెరుస్తూ.
టార్చి వేస్తే చెదురుతాయి.
ఆర్పేసి, చెవి నేలకి ఆనిస్తే
పంటికింద ఇసుకలా
ఎక్కడో చిన్న పటుక్కు.
వచ్చే ఏటి కలుపులో
ఒకటి తగ్గింది.

తెల్లారి చూస్తే పదకొండు.
బురదవేలు పావడాకి తుడుచుకుని
ముప్ఫైతొమ్మిది అని రాసుకుంది.
కూలి అడగడానికి ఎవరూ రాలేదు.

మిగిలిన పదకొండూ
తన వాటా అనుకుని
దోకుడుపార అందుకుంది.