బెజ్జాల కాగితం

పెన్సిలు తరవాత, ముందు సూది పట్టుకో అన్నాడు
మీరావలి మాస్టారు.
వెదురుపుల్లలో దిగేసి దారం చుట్టిన సూది.
కింద నాలుగు మడతల దుప్పటి,
పైన ఉల్లిపొరలాంటి ట్రేసింగు కాగితం,
దానిమీద ఆయన గీసిన మామిడిపిందె.
"గీత వెంట నడువు, పరిగెత్తకు.
బెజ్జానికీ బెజ్జానికీ నడుమ
చీమ తల పట్టేంత చోటుంచు.
దగ్గరైతే కాగితం చిరుగుద్ది,
దూరమైతే అది పిందె కాదు, చుక్కల ముగ్గు."

సింగ్‌నగర్ డాబాకొట్ల వెనక ఒంటిగది.
గోడనిండా మేకులు, మేకులకి కాగితపు చుట్టలు:
ఎవరి పెళ్లి జాకెట్టు వీపో, ఎవరి ఓణీ అంచో.
గుడ్డపీలికని కిరసనాయిల్లో ముంచి
తెల్లపొడి అద్ది, పైన రుద్దితే
కింద పట్టు మీద తెల్లవారేది.

దీన్ని ఖాకా అంటారట.
వాళ్ల అబ్బా గురువు మాత్రం ఏ పేరూ పెట్టకుండా
"ఆ చిల్లులది తేరా" అనేవాడట.

అబ్బాది గాంధీనగరం. సినిమా బ్యానర్లు.
తలుపంత కన్ను, మంచమంత మీసం.
ఖాకీ కాగితం ఒకసారి పొడిస్తే
మూడు హాళ్లకి అదే మొహం.
కొబ్బరిచిప్పల బొగ్గు నూరి
పాత మల్లుగుడ్డలో మూటగట్టి టపటపా తడితే
మబ్బులోంచి హీరో దిగేవాడు.
ఎలక్షన్లప్పుడు పొద్దున ఒకళ్ల గుర్తు,
రాత్రికి వాళ్ల ఎదుటోళ్ల గుర్తు.
బొగ్గు ఎవరికీ ఓటెయ్యలేదు.
తరవాత ఫ్లెక్సీ వచ్చి
ఆ చేతుల్ని ఇంటికి పంపించింది.

అంతకు ముందో? అనడిగాను.
"గుడిగోడల మీద దేవుళ్లూ ఇట్టాగే దిగారంటారు, నేను చూళ్లేదు.
తోలుబొమ్మకి కూడా బెజ్జాలేగా నగలు" అని
టీ గ్లాసులు కడగడానికి లేచాడు.
చరిత్ర అంతవరకే.

ఆ సెప్టెంబరులో బుడమేరు
చెప్పులు విప్పకుండా గదిలోకొచ్చింది.
వారం ఉండి, బురద అద్దె కట్టి పోయింది.
పడవలో పాలపాకెట్లు పంచేవాళ్లని మాస్టారు
మా కాగితాలు కనపడ్డాయా అనడిగాడట.

తిరిగొచ్చేసరికి
కిరసనాయిలు తాగినవి బతికాయి, నీళ్లని నమ్మలేదవి.
అబ్బావి మాత్రం ఖాకీ ముద్ద.
అందులోంచి అరచేతంత ముక్క ఊడొచ్చింది.
మేడమీద ఇటికరాయి పెట్టి ఆరేశాం.
గీత లేదు. బెజ్జాల్నిండా ఒండ్రు.

మూడు మధ్యాహ్నాలు కూచుని
ఒక్కో బెజ్జంలో బురద సూదితో తీశాను.
పొడవడం కాదిది,
ఎవరో పొడిచిన చోటే మళ్లీ దిగడం.
ఆ చెయ్యి ఎక్కడ తొందరపడిందో
ఎక్కడ బీడీ కోసం ఆగిందో
నా వేళ్లకి తెలుస్తోంది.

బొగ్గు తట్టాం.
తెల్లకాగితం మీద ఒక కనుబొమ్మ.
ఒకటే. కొస దగ్గర కొంచెం తెగి.

ఏ హీరోది?
మాస్టారు చాలాసేపు చూశాడు.
"ఎవరికైనా ఇదే పెట్టేవాడు.
అద్దంలో చూసుకుని గీసేవాడు" అని
తన కనుబొమ్మ కొస తడుముకున్నాడు.

శుక్రవారానికి ఇవ్వాల్సిన జాకెట్టు ఒకటుంది.
ఉండవల్లి పెళ్లికూతురు, మెరూన్ పట్టు.
వీపు మీద తీగ వంపు తిరిగేచోట
ఆ కనుబొమ్మ పెట్టి రుద్దాను.
"డిజైను కొత్తదేనా? మా తోడికోడలు కుట్టించుకుంది కాదుగా?"
అంది వాళ్లమ్మ.
కొత్తదేనండీ అన్నాను,
కిరసనాయిలు చేతులు కొంగుకి తుడుచుకుంటూ.