రెండో బుధవారం

డులూత్‌లో ఏప్రిల్ దాకా సరస్సు గడ్డకట్టే ఉంటుంది.
ఐవర్ కూడా అంతే.

"దరఖాస్తు పెట్టు" అన్నాను,
అతనికి అరవై ఏడు నిండినరోజు కేకు కోస్తూ.
"చూద్దాం" అన్నాడు.
మా ఇంట్లో చూద్దామంటే కాదనే.

నాకున్నది పదకొండేళ్ల బడి వంటగది,
దాని మీద నెలకు నాలుగువందల పది డాలర్లు.
మిగతా ఏళ్లు, పడవ ఇంజన్ల షెడ్డులో
అతని లెక్కలు రాసినవి,
ముగ్గురు పిల్లల చెవిపోట్లు, అత్తగారి మంచం,
ఏ ఖాతాలోకీ ఎక్కలేదు.

కిటికీ వెనక అమ్మాయి మెల్లగా చెప్పింది:
ఆయనకు రావాల్సినదాంట్లో సగం దాకా మీకు వస్తుంది.
మీ నాలుగువందల పదికి ఏడువందల తొంభై కలిపి
పన్నెండువందలు చేస్తాం.
ఆయన వాటా ఒక్క సెంటు తరగదు.
కానీ ముందు ఆయన అడగాలి.
ఆయన అడగందే మీ సగం పుట్టదు.

పుట్టని సగాన్ని మూడు చలికాలాలు మోశాను.
నెలనెలా రెండో బుధవారం
నాలుగువందల పదీ బ్యాంకులో పడేది.
ఆ రోజు అతనితో మాట్లాడేదాన్ని కాదు.
కాఫీ మాత్రం పోసేదాన్ని, అదీ చల్లారాక.
పన్ను పీకించుకున్నాను, కట్టించుకోలేదు.
గ్రీజు చేతులతో స్పానరు వెతుక్కుంటూ
అతను షెడ్డులోనే ఉండేవాడు.
పిసినారి, అన్నాను చెల్లెలితో ఫోన్‌లో,
వినపడేలాగే.

డెబ్భై నిండాక వెళ్లి సంతకం పెట్టాడు.
నా సగం వచ్చింది. అదే పన్నెండువందలు.
అతను ఆగినందుకు నాకు ఒక్క డాలరూ పెరగలేదు.
పెరిగింది అతనిదే: రెండువేల నాలుగువందలు కాస్తా
రెండువేల తొమ్మిదివందల డెబ్భై ఆరయింది.
"చూశావా, అంతా నీకే" అన్నాను.
రొట్టె మీద వెన్న రాసుకుంటూ ఉండిపోయాడు.

ఈ మార్చిలో మళ్లీ అదే కిటికీ.
అదే అమ్మాయి, ఇప్పుడు కళ్లజోడు వచ్చింది.
మరణ పత్రం చూసి, పెళ్లి పత్రం చూసి,
దాని మీది కాఫీ మరక చూడనట్టు నటించి
చెప్పింది:
మీ పన్నెండువందలూ ఇక ఆగిపోతాయి.
ఇద్దరిలో పెద్దదేదో అదే మిగులుతుంది.
ఆయన ఆగి పెంచినదంతా ఇక మీదే,
మీరున్నంత కాలం.

ముప్ఫై ఆరు బుధవారాలు.
అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను.
వెనక వరసలో ఎవరో దగ్గారు.

ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా, మొండి మనిషీ.
నేనూ ఎప్పుడని అడిగాను కానీ
ఎందుకని అడగలేదులే.

మొదటి నెల డబ్బుతో పన్ను కట్టించుకుంటాను.
నవ్వడానికి కాదు.
నువ్వు కొన్న గట్టి రై రొట్టె
ఇంకా సగం ప్యాకెట్టు ఉంది.